అమ్మమ్మ వేలం వేసిన గుమ్మడికాయ

మా ఇంట్లో నా మాట ఎవరూ వినిపించుకోరు. అమ్మమ్మ పోయిన రోజున ఏటా జ్ఞాపకార్థ కూడిక పెడతారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు. పెద్ద మావయ్య ఆమె భక్తి గురించి మాట్లాడతాడు. చిన్న మావయ్య ఆమె ఓర్పు గురించి మాట్లాడతాడు, ఏటా ఒకే వాక్యం దగ్గర ఆగి కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. నేను లేచి "సౌదీలో ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టగానే ఎవరో ఒకరు నా చేతిలో మంచినీళ్ళ జగ్గు పెడతారు. "నువ్వు ఆ వరస చూడరా" అంటారు. ఇన్నేళ్ళుగా నేను ఆ కూడికలో నీళ్ళు పోస్తూనే ఉన్నాను. బిర్యానీ తినేవాళ్ళ దాహం అంతా ఇంతా కాదు.

మా పిన్నికి మాత్రం నేనేం అడగబోతున్నానో తెలుసు. జగ్గు పట్టుకుని దగ్గరికి రాగానే గ్లాసు మీద అరచెయ్యి మూసి, నవ్వు బిగబట్టుకుని, "నాకొద్దు, పక్కాయనకి పొయ్యి" అంటుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాసేవాడి చేతికి జగ్గు ఇవ్వడం కష్టం.

నేను అడిగేది ఒక్కటే. తాయిఫ్‌లో గుమ్మడికాయ వేలం వేసిన రోజు నేను పాడిన పాట మా అమ్మమ్మకు వినబడిందా, లేదా? వినబడితే నన్ను కాదని వేరేవాళ్ళకు ఎందుకు కొట్టేసింది? కొట్టేశాక పిన్ని చెవిలో ఏం చెప్పి అంతగా నవ్వింది?

మొదటినుంచీ చెబుతాను. అప్పుడు నేను యాన్‌బులో ఒక ఫ్యాక్టరీలో ఏసీ మెకానిక్‌ని. పిన్ని తాయిఫ్‌లో ఆసుపత్రి నర్సు. బాబాయి ఆ ఆసుపత్రిలోనే ల్యాబులో పనిచేసేవాడు. పిన్నికి నెలలు నిండుతున్నాయని అమ్మమ్మ గోదావరి పక్కనుంచి విజిట్ వీసా మీద వచ్చింది. కూతురు పురిటికి పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే విమానమెక్కి వస్తుందని అందరికీ చెప్పుకుని మరీ వచ్చింది. బైబిలు తేవద్దు, కస్టమ్స్‌లో ఇబ్బంది అని పిన్ని ముందే ఫోనులో హెచ్చరించింది. "తేనులే" అంది అమ్మమ్మ. ఆమెకు పుస్తకంతో పనిలేదు. దావీదు కీర్తనలన్నీ నోటికి వచ్చు. జెద్దాలో ఆమె ట్రంకుపెట్టె అడుగు దాకా వెతికితే గోంగూర పచ్చడి, సున్నుండలు, చేతిరుమాల్లో ముడివేసిన గుమ్మడి గింజలు తప్ప ఏమీ దొరకలేదు.

ఆమెను తాయిఫ్‌కు తీసుకెళ్ళింది ఒక కడప ఆయన. ఆయన ముస్లిం, తాయిఫ్‌లో ఒక పళ్ళ వ్యాపారి దగ్గర పికప్ నడిపేవాడు. గురువారం యాన్‌బులో దానిమ్మకాయలు దించి ఖాళీ బండితో కొండెక్కేవాడు. నాకు సెలవు దొరికిన వారం ఆ బండిలోనే పిన్ని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ రోజు ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. మక్కా దగ్గర పడ్డాక ముస్లిమేతరులు ఇటు వెళ్ళాలని బోర్డు వచ్చింది. ఆయనొక్కడే అయితే నేరుగా పోయేవాడు, మా కోసం చుట్టు తిరిగే దారి పట్టాడు. బోర్డు మీద ఏముందో చదివి చెప్పమంది అమ్మమ్మ. చెప్పాను.

"ఏంటీ, మన కోసం వేరే రోడ్డు ఏశారా?"

"అవును జేజీ, మీ కోసమే ఏసినారు," అన్నాడు కడప ఆయన, నవ్వకుండా.

"ఎంత మర్యాదస్తులర్రా! మా ఊళ్ళో గుడికి పోయే దారిలో కంకర పొయ్యమని పదేళ్ళనుంచీ అడుగుతున్నాం, ఒక్కడు తట్టెడు పొయ్యలేదు."

ఆ తర్వాత హదా కొండ మలుపులు మొదలయ్యాయి. అక్కడ రోడ్డు పక్కన గుంపులు గుంపులుగా కోతులుంటాయి. మన కోతుల్లాంటివి కావు. కుక్కంత ఉంటాయి, మగవాటికి బూడిద రంగు జూలు ఉంటుంది. అమ్మమ్మ కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది. జూలున్న ఒక పెద్ద కోతి పిట్టగోడ మీద కూర్చుని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఒరేయ్, అచ్చం మన సంఘపెద్దరా! ముందు బెంచీలో ఇలాగే కూర్చుంటాడు కదరా!" అని పకపకా నవ్వి, వెళ్ళిపోతుంటే వెనక్కి తిరిగి దానికి వందనాలు పెట్టింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నాకు జరిగిన అన్యాయానికి మూలం ఆ కోతే.

పిన్నికి కొడుకు పుట్టాడు. అమ్మమ్మ తిరుగు టికెట్టు గురించి మాట్లాడుకునే లోపే కువైట్ గొడవ వచ్చింది. విమానాల్లో చోటు లేదు. బాబాయి పాస్‌పోర్టులు చూసే జవాజాత్ ఆఫీసు చుట్టూ తిరిగి ఆమె వీసా పొడిగించాడు. ఊళ్ళో మావయ్యలు అమ్మ అక్కడ చిక్కుకుపోయిందని ఉపవాస ప్రార్థనలు పెట్టించారు. ఇక్కడ ఆ అమ్మ మనవడికి నూనె రాస్తూ, హాయిగా కూనిరాగం తీస్తూ ఉంది.

ఆమెకున్న ఒకే ఒక్క ఇబ్బంది బియ్యం. మా క్రైస్తవ ఇళ్ళలో ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పొద్దున, సాయంత్రం వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి బియ్యం. ఆదివారం గుడికి, అంటే చర్చికి, తీసుకెళ్ళి ఇస్తారు. అమ్మమ్మ తాయిఫ్‌లో దిగిన పూటనుంచే పాలపొడి డబ్బా ఒకటి ఖాళీ చేయించి గుప్పెడు తియ్యడం మొదలుపెట్టింది. కాని ఇక్కడ ఇవ్వడానికి గుడి లేదు, బయటికి వినబడేలా కీర్తన పాడినా నేరమే. డబ్బా నిండింది. రెండోది నిండింది. మూడోదానికోసం పిల్లవాడి పాలపొడి ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసేది.

"అత్తయ్యా, పురుగు పట్టిపోద్ది. మనమే వండుకుందాం," అన్నాడు బాబాయి.

"దేవుడి బియ్యం అల్లుడికి ఒండి పెట్టనా? బాగానే ఉంది!"

ఆ మాటకి బాబాయి మూడు రోజులు ముభావంగా ఉన్నాడు. నేను ఆయన పక్షం. అయినా ఆయన తర్వాత నా పక్షం ఉండలేదు, అది కూడా చెబుతాను.

ఇక గుమ్మడికాయ. అమ్మమ్మ తెచ్చిన గింజలు పెరట్లో వేసింది. తాయిఫ్ చల్లని ఊరు, తీగ గోడెక్కింది. పూలు బోలెడు పూశాయి, పిందె మాత్రం పడిన రెండ్రోజులకే పండి రాలిపోయేది. చుట్టూ ఎత్తైన గోడలు, తేనెటీగ అన్నది వచ్చేది కాదు. ఒక శుక్రవారం తెల్లారగట్ల అమ్మమ్మ నన్ను లేపి మగపువ్వు కోసి చేతికిచ్చింది.

"దీన్ని ఆ పిందె పువ్వులో రుద్దు."

"నువ్వే రుద్దొచ్చుగా."

"నాకు నడుం వంగదు. ఏసీలు బాగుచేత్తావంటగా, ఇదీ బాగుచెయ్యి."

ముక్కు తుడుచుకుంటూ రుద్దాను. మిగతా పిందెలన్నీ రాలిపోయాయి, నేను రుద్దినది నిలిచింది. నిలిచి, ఊరి, మద్దెలంత అయింది. ఆ కాయ నాది. తేనెటీగ చెయ్యాల్సిన పని నేను చేశాను. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ముదిరాక కోసి అమ్మమ్మ మంచం కింద పెట్టింది.

చలికాలంలో యుద్ధం మొదలైంది. రియాద్ మీద క్షిపణులు పడుతున్నాయని రేడియోలో చెప్పేవారు. తాయిఫ్ మీద పడలేదు గాని పైన విమానాల మోత ఆగేది కాదు. విషవాయువు వస్తుందని అందరూ ఒక గదిని మూసి పెట్టుకున్నారు. మేమూ పడకగది కిటికీలకు వెడల్పాటి టేపు అంటించాం, తలుపు కింద తడి తువ్వాలు కుక్కాం. బాబాయి గది మధ్యలో నిలబడి, "ఇంక ఈగ కూడా దూరదు," అన్నాడు.

అమ్మమ్మ గోడలు చూసింది, కిటికీలు చూసింది. "లోపలి మోత బయటికి ఎల్లదా?"

"వెళ్ళదు."

"పాడుకోవచ్చా మరి?"

అంతే. యుద్ధానికి అందరూ భయపడుతుంటే మా అమ్మమ్మకు పాడుకోవడానికి గది దొరికింది. ఆ వచ్చే శుక్రవారమే కోత పండుగ అని ప్రకటించింది. కోత పండుగ అంటే పంట చేతికొచ్చాక మా గుళ్ళలో చేసే పండుగ. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సొరకాయను కూడా పోటీపడి పాడతారు. అసలు రుచి ఇంకొకటుంది. కొన్నవాడు ఆ వస్తువును మళ్ళీ దేవుడికే ఇచ్చేస్తాడు, దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. మా ఊళ్ళో ఒక్క కోడిపుంజును సాయంత్రం దాకా అమ్మేవారు. చివరికి అదే విసుగొచ్చి పడుకునేది.

"పంటేదమ్మా?" అంది పిన్ని.

"మంచం కింద ఉంది కదే."

"మరి జనం?"

"దేవుడి బియ్యం ఉన్నాయిగా. ఒండితే జనం ఆళ్ళే వత్తారు."

వచ్చారు. కడప ఆయన వచ్చాడు. పక్క ఇంటి కట్టుబడి పనిలో ఉన్న కరీంనగర్ మేస్త్రి వచ్చాడు. అతను హిందువు, ఆవకాయ వాసనకి గోడ అవతలనుంచి పరిచయమైనవాడు. ఆ పడకగదిలో పిల్లవాడితో కలిపి ఏడుగురం, మధ్యలో అన్నం గిన్నె, చాప మీద గుమ్మడికాయ. టేపు వేసిన గదిలో గాలి ఆడక అందరి మొహాలూ ఎర్రబడ్డాయి. పాటలు అయ్యాయి, ప్రార్థన అయింది. కళ్ళు తెరవమనే దాకా మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. పైన విమానం పోయింది, గిన్నె మీద మూత గలగలలాడింది. అమ్మమ్మ గరిటె తీసుకుని ఖాళీ పాలపొడి డబ్బా మీద ఠంగుమని కొట్టింది.

"రియాళ్ళు పాడకూడదు. రియాళ్ళు ఇంటికి పంపుకోండి. పని పాడండి. ఎవరు ఏం పని చేత్తారో చెప్పండి."

మేస్త్రి మొదలుపెట్టాడు. "అవ్వా, నీ వంటింట్ల నేల సాపుగ లేదు. గదంత తీసి కొత్తగ గచ్చు జేస్త."

"ఒకటోసారి!"

నేను వెంటనే, "ఇంట్లో ఏసీలన్నీ సర్వీసు చేస్తాను," అన్నాను.

"అది నువ్వు ఎలాగూ చేస్తావు కదరా, చెల్లదు," అన్నాడు బాబాయి. చెల్లదంట! పక్షం అన్నాను చూశారా, ఇదీ పక్షం. అలా అని ఊరుకోకుండా, "నెల రోజులు రాత్రిళ్ళు బాబు ఏడిస్తే నేను లేస్తాను," అని తనే పాడాడు.

"ఇదే కొట్టెయ్యమ్మా! మూడోసారి అనెయ్యి!" అని పిన్ని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని డబ్బా మీద తనే కొట్టించబోయింది. గది గదంతా నవ్వులు. మేస్త్రికి పొలమారింది.

అప్పుడు కడప ఆయన గొంతు సవరించుకున్నాడు. "జేజీ, నువ్వు ఈ ఊర్లో ఉన్నన్ని దినాలూ నెలకొకతూరి కొండకు తోల్కపోయి కోతుల్ని చూపిస్తా. శెనక్కాయలు గూడా నావే."

అమ్మమ్మ మొహం చూడాలి! ఆ గదిలో బల్బు అవసరం లేదు. "ఒకటోసారి! రెండోసారి!" అని ఊపిరి తీసుకోకుండా అనేసింది.

నాకు కంగారు పుట్టింది. నా కాయ పోతోంది. ఆమె నా గురించి ఏళ్ళ తరబడి దేవుణ్ణి అడుగుతున్నది ఏమిటో నాకు తెలుసు. నాకు కీర్తనలు రావు. ఆదివారపు బడిలో పిల్లలందరికీ వచ్చే చిన్న కీర్తన కూడా సగంలో ఆగిపోయేది. మోకాళ్ళ మీద లేచి అరిచాను. "నూట యాభై కీర్తనలూ కంఠతా పడతాను!"

ఇంకోసారి అరిచాను. పిన్ని నోరు తెరుచుకుని నన్ను చూసింది. మూడోసారి అరిచాను. అమ్మమ్మ సరిగ్గా నా కళ్ళలోకి చూసింది. చూసి, గరిటె ఎత్తి, "మూడోసారి! కడప అబ్బాయికి!" అని కొట్టేసింది.

ఆ తర్వాతే పిన్ని వైపు ఒరిగి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ భుజాలు ఊగిపోయేలా నవ్వారు. పిన్ని ఒళ్ళో పిల్లవాడు నిద్రలేచి ఏడ్చాడు. ఎవరు లేవాలో తెలియక బాబాయి నన్ను చూశాడు.

నా నూట యాభై కీర్తనలు కోతుల చేతిలో ఓడిపోయాయి.

నేను ధైర్యం కోల్పోలేదు. కొన్నవాడు మళ్ళీ దేవుడికే ఇవ్వాలి కదా, రెండో వేలంలో చూసుకుందామనుకున్నాను. కడప ఆయన కాయను చంకనెత్తుకుని తలుపు దగ్గరికి నడిచాడు. "అన్నా, అది తిరిగి ఇచ్చెయ్యాలి," అన్నాను.

"ఎందుకిస్తా అబ్బీ? పాడి గెలిచినా కదా!"

"అది ఆచారం అన్నా."

"యాడి ఆచారం? గెలిచినోడు ఇడిసిపెట్టిపోయేదా?"

ఒక్క పుంజును సాయంత్రం దాకా అమ్మించిన మా అమ్మమ్మ అన్న మాట ఇది: "పోనీరా, తీసుకెల్లనీ. పాపం, ఆ అబ్బాయికి తెలీదు కదా." మరి నాకు తెలుసు కదా! తెలిసినవాడికి ఏం ఒరిగింది?

మరుసటి వారం ఆయన ఆ కాయతో దాల్చా వండి సగం గిన్నె మా ఇంటికి తెచ్చాడు. పప్పు, మాంసం, చింతపులుసు, మధ్యలో నా గుమ్మడికాయ ముక్కలు. నేను తిననన్నాను. తర్వాత తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా, కాని కోపంగానే.

ఇంకో అన్యాయం వినండి. మగ బంధువు తోడు లేకుండా అమ్మమ్మను బండిలో తిప్పడం అక్కడ కుదరదు. అంటే ఆయన పాడిన పాట చెల్లాలంటే పక్కన నేను కూర్చోవాలి. నన్ను ఓడించిన పాటకు నేనే కాపలా! సరే, కూర్చున్నాను. కాని ఊరికే కూర్చోలేదు. ఆమె నన్ను ఉత్తి మాటల మనిషి అనుకుంది కాబోలు, చూపిస్తాను అని పంతం పట్టాను. అమ్మమ్మ పొద్దున్నే వల్లించుకునేవి పిన్నితో కాగితం మీద రాయించుకుని యాన్‌బులో పనిచేస్తూ బట్టీపట్టాను. కంప్రెసర్ మోతలో ఎవరికీ వినబడదు. మొదటిసారి కొండెక్కినప్పుడు బండిలో గట్టిగా, ఎవరి వైపూ చూడకుండా, మొదటి కీర్తన అప్పజెప్పాను. అమ్మమ్మ కళ్ళు మూసుకుని ఉంది, నిద్రపోయిందనుకున్నాను.

"నడిమిలో ఒక ముక్క మింగేశావు. మళ్ళీ చెప్పు," అంది కళ్ళు తెరవకుండా.

చూశారా? కొండ మలుపుల్లో, పికప్ చప్పుడులో, మింగేసిన ఒక్క ముక్క వినబడింది ఆమెకి. మూసిన గదిలో మూడుసార్లు అరిచింది వినబడలేదా?

పైకి చేరాక ఆమె నన్ను మరిచిపోయేది. శెనక్కాయలు విసురుతూ కోతులతో మాట్లాడేది. "ఏమ్మా, పిల్లలకి పెట్టావా, నువ్వే తినేశావా?" సంఘపెద్ద ఒకసారి వచ్చి సంచి మొత్తం లాక్కుపోయింది. అమ్మమ్మ నవ్వి నవ్వి బండి తలుపు పట్టుకుని కూలబడింది. "కానుకల సంచి కూడా తీసుకుపోయాడర్రా, అచ్చం ఆయనే!" కడప ఆయన స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత, యాన్‌బు గదిలో, ఒక్కణ్ణే నవ్వాను.

యుద్ధం అయిపోయాక ఎండలు ముదిరేలోగా ఆమె వెళ్ళిపోయింది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆమె ఎదురుగా కూర్చుని, నేర్చుకున్నవి అప్పజెప్పేవాణ్ణి. ఆమె చాటలో బియ్యం ఏరుతూ వినేది. "ఊఁ" అనేది. ఒక్కసారైనా "ఆ రోజు నీకే కొట్టెయ్యాల్సిందిరా" అనలేదు. ఆ మాటకోసమే ఒక్కో సెలవుకీ ఇంకొన్ని నేర్చుకుని వెళ్ళేవాణ్ణి. అన్నీ అయ్యాయి, నూట పంతొమ్మిదోది తప్ప. అది ఎంత పొడవో చదివినవాళ్ళకు తెలుసు. దాన్ని చివరికి నెట్టుకుంటూ వచ్చాను.

అది సగంలో ఉండగా ఊరినుంచి ఫోను వచ్చింది. మా కఫీల్, అంటే నా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్న యజమాని, ఊళ్ళో లేడు. ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం మీద సంతకం పెట్టేవాడు లేక నేను అమ్మమ్మ సమాధి వేళకు అందలేదు. ఆ గురువారం కడప ఆయన పికప్ నా గది ముందు ఆగింది. నేను పిలవలేదు.

"ఎక్కు అబ్బీ. కాయ నేను తిన్నా. కోతుల్ని చూపిచ్చాల్సింది నేనే."

"ఆమె ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళే అని పాడావు కదన్నా."

"పాడితి లే. ఎక్కు."

దారి పొడుగునా మిగతా సగం కాగితంలో చూసి పట్టాను. కొండ మీద పిట్టగోడకి ఆనుకుని నూట పంతొమ్మిదో కీర్తన మొత్తం అప్పజెప్పాను. కోతులు శెనక్కాయలు ఉన్నంతసేపు విన్నాయి. అయిపోయాక కూడా సంఘపెద్ద కాసేపు కూర్చుంది, సంచి కోసమే కావచ్చు. ఒక ముక్క మింగేశాను. నాకు తెలిసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను.

తిరిగి వచ్చేటప్పుడు కడప ఆయన అడిగాడు. "జేజి ఆ పొద్దు నీకే కాయ ఇచ్చింటే, నువ్వు ఇయ్యన్నీ నేర్చుకుంటాంటివా అబ్బీ?"

"ఎందుకు నేర్చుకోను? మాటంటే మాటే!"

ఆయన కొండ దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అది పిన్ని గ్లాసు మీద చెయ్యి పెట్టి నవ్వే నవ్వులాగే ఉంది.

కాబట్టి పిన్నీ, ఇది నీకే. నువ్వు రిటైరై రాజమండ్రిలో హాయిగా ఉన్నావు. ఆ పిల్లవాడికి పిల్లలు పుట్టారు. ఆ గదిలో అమ్మమ్మ పక్కన కూర్చున్నది నువ్వొక్కదానివే. ఆమెకు నా పాట వినబడకపోతే ఈ కుటుంబం నాకొక గుమ్మడికాయ ఇవ్వాలి, మద్దెలంతది. వినబడీ నన్ను ఓడించి ఉంటే, కాయా ఇవ్వకుండా నూట యాభై కీర్తనలూ నా చేత పట్టించిందని అందరిముందూ ఒప్పుకోవాలి. ఈసారి కూడికలో నేను జగ్గు ముట్టుకోను. కుర్చీ తెచ్చుకుని సరిగ్గా నీ ఎదురుగా వేసుకుంటాను. గ్లాసు మీద చెయ్యి తీసి, నవ్వు ఆపి చెప్పు. ఆ రోజు అమ్మమ్మ నీ చెవిలో ఏం చెప్పింది?